లమరంగ్ భుజాలు

లమరంగ్ ఎంత చిన్న ఊరంటే, ఈ చివర తుమ్మితే ఆ చివర ముక్కు తుడుచుకుంటారు. వెనక కొండ, ముందు కడలి, మధ్యలో కదిలితే తగిలేటంత దగ్గరగా ఇరవై చిల్లర ఇళ్ళు. అన్నీ గుంజల మీద నిలబడ్డ చెక్క ఇళ్ళే. ఇంటిని అక్కడ బోలా అంటారు. కనుక ఇళ్ళు బోలా, మనుషులు బోళా, కబుర్లు బోలెడు. కొబ్బరికి కొదవ లేదు, కబురుకి కరువు లేదు. కరువల్లా భుజాలకే. సముద్రం కాస్త నెమ్మదించిందంటే చాలు, వయసులో ఉన్న మగాళ్ళంతా వలలు సర్దుకుని తూర్పు దీవులకి వేటకి వెళ్ళిపోతారు. ఇక ఊళ్ళో మిగిలేది తలలు నెరిసినవాళ్ళూ, తలలు నిలవనివాళ్ళూ.

ఈ కరువుని ఒప్పుకోని మనిషి ఊళ్ళో ఒక్కడున్నాడు. పేరు సొంపె. పేరులో ఉన్న సొంపు మనిషిలో ఎక్కడుందని వెతికితే గొంతులో దొరుకుతుంది, అదీ దూరం నుంచి వింటే. ఇల్లు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మోయాలన్నా, కొత్త పడవని నీళ్ళలోకి తొయ్యాలన్నా ముందు నిలబడి కేక వేసేది అతనే. లమరంగ్‌లో మోతలు రెండు రకాలు. భుజాల మీది మోత అందరిదీ. గొంతులోని మోత సొంపెది.

ఈ ఏడు పడమటి గాలులకి అలలు చెన్నింగ్ నెనె ఇంటిని అలుసుగా తీసుకున్నాయి. నెనె ఊరందరికీ అమ్మమ్మ. లమరంగ్‌లో పుట్టినవాళ్ళు మొదటి ఏడుపు ఏడ్చింది ఆమె చేతుల్లోనే, మొదటి దెబ్బ తిన్నదీ ఆ చేతులతోనే. అలాంటి నెనె ఇంటి ముందు గుంజలు రెండూ పోటు వచ్చినప్పుడల్లా మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడుతున్నాయి. వచ్చే గాలుల లోపల ఆ ఇంటిని కొండవాలులో బావి పక్కనున్న చదును నేల మీదికి చేర్చాలి. లేకపోతే ఇల్లే వేటకి బయల్దేరుతుంది.

ఈ కబురు గట్టు అవతలున్న ఉజుంగెకి చేరకుండా ఉంటుందా? ఉజుంగె పెద్ద ఊరు. రేవుంది, సిమెంటు రోడ్డుంది, మసీదుకి నాలుగు దిక్కులా నాలుగు మైకులున్నాయి. లేనిదల్లా మంత్రసానే. నర్సమ్మ వారానికోసారి పడవలో వచ్చి వెళ్తుంది. పిల్లలు వారం చూసుకుని పుట్టరు కదా!

ఆ ఊరి పెద్ద తహెరె. సొంపె చెల్లెలి మొగుడే. ఒక పూట సొంపె ఆక్టోపస్‌లు అమ్ముకుందామని ఉజుంగె రేవుకి వెళ్తే, చేపల బుట్టల మధ్య ఎదురుపడ్డాడు.

"ఏం బావా, మీ నెనె ఇల్లు సముద్రుడితో కాపురానికి వెళ్తోందటగా?" అన్నాడు తహెరె, నలుగురికీ వినబడేలా.

"కాళ్ళు కడుక్కుంటోంది బావా. కడుక్కుని కొండెక్కుతుంది."

"ఎవరెక్కిస్తారు? మీ ఊళ్ళో మగాళ్ళకంటే మేకలెక్కువ."

"మేకలున్నాయి. మేకుల్లాంటి మనుషులూ ఉన్నారు."

"మేకులతో ఏం పని? భుజాలు కావాలి. ఎందుకొచ్చిన గోల చెప్పు. మా కుర్రాళ్ళని పంపిస్తా. ఇల్లు విప్పేసి, చెక్కలు పడవలో వేసుకుని మా ఊరు తెచ్చేస్తాం. మసీదు వెనక స్థలం కూడా చదును చేయించా. మా చిన్నమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ముసలావిడ ఇక్కడుంటే నాకూ గుండె నిబ్బరం."

ఆఖరి మాట తహెరె కాస్త గొంతు తగ్గించే అన్నాడు. అక్కడితో ఆగితే సొంపె కూడా మెత్తబడేవాడేమో. కానీ ‘విప్పేసి’ అన్న మాట అప్పటికే చెవిలో ముల్లులా దిగిపోయింది. లమరంగ్‌లో ఇల్లు విప్పడమంటే నడిబజారులో మనిషి బట్టలు విప్పినంత పని.

"విప్పడానికి అది చొక్కా అనుకున్నావా?" అని లేచాడు సొంపె. లేవడంతోపాటు గొంతు కూడా లేచింది. "ఈ శుక్రవారం నమాజు అవగానే నెనె ఇల్లు లేస్తుంది. గుంజతో, గోడతో, గడపతో లేస్తుంది. లమరంగ్ భుజాల మీదే లేస్తుంది! ఒక్క ఉజుంగె మనిషిని మేం పిలిచామా, ఆ ఇల్లు మీ ఊళ్ళో నీకు నచ్చిన చోట దింపుకో!"

"మాటేనా?"

"మాటే!"

రేవంతా ఆ మాట విన్నది. బుట్టల్లోని చేపలు కూడా నోళ్ళు తెరుచుకుని విన్నాయి.

ఇంటికొచ్చి భార్య బెస్సెకి చెప్తే ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"ఆ ఇంటికి నిండు వంద భుజాలు కావాలి. మనకున్నవాటిలో సగం దగ్గుతాయి, సగం వణుకుతాయి. నీ గొంతుకి భుజాలు మొలుస్తాయా?"

"ఊరి పరువుతో పని. మోయరా మరి?"

"పరువైతే ఇప్పుడే మోసేస్తారు. అది బరువుండదు. గుంజలు బరువుంటాయి."

సొంపె నెనె దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని తమలపాకు నములుతోంది. కింద నుంచి అలలు నేలచెక్కల సందుల్లోంచి తుంపర చల్లుతున్నాయి. విషయమంతా చెప్పాడు. గొప్పగా మొదలుపెట్టి, గొణుగుతూ ముగించాడు.

"సరేలే," అంది నెనె. "మోసేది మీరు, ఉండేది నేను. ఎక్కడ దింపితే అక్కడుంటా. ఒకసారి దించాక మాత్రం నన్ను కదపొద్దు. నేను నీ పడవని కాదు, లాగినప్పుడల్లా రావడానికి."

"నీకు ఎక్కడుండాలని ఉంది నెనె?"

"నాకెక్కడుండాలనుందో నాకు తెలుసు. ఎవరికి నేను కావాలో చూద్దాం." ఆవిడ కిటికీలోంచి ఎర్రగా ఉమ్మి, మళ్ళీ అంది. "ఇంకో సంగతి. నా మోకాళ్ళు కొండెక్కవు. నేను ఇంట్లోనే కూర్చుంటా. ఇల్లెక్కితే నేనూ ఎక్కినట్టే."

అంటే బరువు ఇంకాస్త పెరిగిందన్నమాట. నెనెకి ఒక కోడిపెట్ట ఉంది, అది కూడా ఆవిడతోపాటే.

ఆ సాయంత్రం సొంపె ఊళ్ళో ఉన్న భుజాలన్నీ మనసులోనే తడిమి చూసుకున్నాడు. బెస్సె చెప్పిందే నిజం. అప్పుడతనికి ఉజుంగెలో ఉంటున్న అల్లుడు రప్పె గుర్తొచ్చాడు. ఎద్దులాంటి కుర్రాడు. ‘అల్లుణ్ణి పిలవడం పిలవడమెలా అవుతుంది? అల్లుడంటే ఇంటివాడే. ఇంటివాడు ఇల్లు మోయడానికి పిలుపేమిటి?’ అని తనకి తనే తీర్పు చెప్పుకున్నాడు. తెల్లారి పడవలో మనిషిచేత కబురు పెట్టాడు. ‘శుక్రవారం నన్ను చూడ్డానికి వచ్చినట్టుగా రా. ఒక్కడివే రా. ఎవరికీ చెప్పకు. భుజం మర్చిపోకు.’

పరువున్నది సొంపె ఒక్కడికే అయితే కథ ఇక్కడితో బాగానే నడిచేది. ఊరు చిన్నదైనా అందరికీ పెద్ద పెద్ద పరువులే. ఇల్లు లేవకపోతే ఊరి ముఖం ఎక్కడ పెట్టుకోవాలన్న బెంగ ఒక్కో ఇంట్లో ఒక్కో పొయ్యి మీద ఉడికింది. ఆ బెంగ పైకి చెబితే సొంపె మాట తీసేసినట్టవుతుంది. అందుకని పక్కింటి బెద్దు తన అన్న కొడుకులకి కబురు పెట్టాడు. ఎదురింటావిడ ఉజుంగెలో ఉన్న తమ్ముడికి పెట్టింది. మసీదు ఊడ్చే తాత తన వియ్యంకుడికి పెట్టాడు. ఆ వారం లమరంగ్ నుంచి ఉజుంగె వెళ్ళిన ప్రతి పడవలో చేపలతోపాటు ఒక రహస్యం కూడా వెళ్ళింది. అన్ని పడవల్లోనూ ఒకటే రహస్యం. ఎవరిది వాళ్ళకే తెలుసు.

శుక్రవారం వచ్చింది. నెనె ఇంటి గుంజలకి అడ్డంగా, నిలువుగా లావుపాటి వెదుళ్ళు బిగించి కట్టారు. ఇంట్లో సామానంతా దింపేశారు, నెనెని, పెట్టని తప్ప. చదును నేల దగ్గర ఆడవాళ్ళు పొయ్యిలు వెలిగించి, కొత్త చోటికొచ్చిన ఇంటికి ముందుగా పెట్టాల్సిన వంటలు మొదలుపెట్టారు. జిగురన్నం, కాల్చిన చేప, నూరిన పచ్చిమిరప కారం, కొబ్బరిపాలలో ఉడికిన అరటిపండు. భుజబలానికి భోజనబలం తోడుండాలి కదా. ఊళ్ళో భుజాలెన్నో చూసుకునే బెస్సె వండించింది.

నమాజు ముగిసి అందరూ నెనె ఇంటి ముందు చేరారు. చేరాక ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా అందరూ గట్టువైపు చూడ్డం మొదలుపెట్టారు. ముందుగా గట్టు మీద రప్పె తల కనబడింది. సొంపె గుండె తేలికపడింది. రప్పె దగ్గరికొచ్చి, భుజం మీద మడిచిన గోనెపట్టాతో, మహా అమాయకంగా అన్నాడు.

"మిమ్మల్ని చూద్దామని వచ్చాను మామా."

"చూశావుగా. ఇక వెదురు చూడు," అన్నాడు సొంపె గుసగుసగా.

రప్పె వెనకాల ఇంకో తల లేచింది. దాని వెనకాల ఇంకో రెండు. తర్వాత గట్టు మీద ఆకాశం కనబడటం మానేసింది. చీమలబారులా జనం దిగుతున్నారు. ప్రతివాడి భుజం మీదా మడిచిన పట్టా. ప్రతివాడి నోట్లోనూ ఒక సాకు.

"మా అక్కని చూసి చాలా రోజులైందని..."

"మా మేనత్తకి జ్వరమంటేనూ..."

జ్వరం వచ్చిన మేనత్త అరటిగెల నెత్తిన పెట్టుకుని మేనల్లుడి ముందునుంచే నడిచి వెళ్ళింది.

"ఎవడు పిలిచాడు వీళ్ళందరినీ?" సొంపె కేకకి కొబ్బరిచెట్ల మీది పక్షులు లేచాయి. "నా మాట ఏం కావాలి?"

లమరంగ్ మనుషులు నేలచూపులు చూశారు. బెద్దు మాత్రం తల గోక్కుంటూ అన్నాడు. "మావాళ్ళని నేను పిలిచా దాయెంగ్. అబద్ధమెందుకు? మరి మీ అల్లుణ్ణి ఎవరు పిలిచారంటావు?"

ఊళ్ళో చిన్నవాళ్ళందరికీ సొంపె దాయెంగే, అన్నే. కానీ ఆ క్షణాన ఆ పిలుపు అతనికి చిన్నపిల్లాడి చెవి పట్టుకున్నట్టు వినబడింది. నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. లమరంగ్ చరిత్రలో అలా జరగడం అదే మొదలు.

అందరి వెనకాల ఉతికిన చొక్కా వేసుకుని తహెరె దిగాడు. తాపీగా దిగాడు. "బావా, పిలిచారు. వచ్చాం. ఒకళ్ళని పిలిస్తేనే ఇల్లు మాదన్నావు. నువ్వేమో ఊరంత మందిని పిలిచావు. ఇంకేం, గట్టు దాటించేద్దాం."

"కేక నాది!" అన్నాడు సొంపె.

"భుజాలు మావి," అన్నాడు తహెరె.

పైనుంచి నెనె కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "మీరు మాట్లాడుకుంటూ కూర్చోండి. ఈలోగా పోటు వచ్చి నన్ను తనే మోసుకుపోతుంది."

ఇక మాటల్లేవు. ఎవరెక్కడ దూరగలిగితే అక్కడ వెదుళ్ళ కిందికి దూరారు. భుజాలు తక్కువవుతాయనుకున్న ఇంటికి ఇప్పుడు చోటు తక్కువైంది. ఒక్కో వెదురు కింద భుజాలు చేపల్లా పేర్చుకుపోయాయి. సొంపె ముందుకెళ్ళి, ఇంటికి ఎదురుగా నిలబడ్డాడు. కేకవేసేవాడు ముందుకి చూస్తూ నడవకూడదు, మోసేవాళ్ళ ముఖాలు చూస్తూ వెనక్కి నడవాలి. ఎవడి అడుగు తడబడుతోందో, ఎవడి మెడ వాలుతోందో వాడికి తెలియాలి.

"ఐలె...స్సా!"

ఇల్లు లేచింది. నూరేళ్ళ కిందట పాతుకున్న గుంజలు ఇసుకని వదిలేటప్పుడు చేసిన చప్పుడు సొంపె ఎప్పటికీ మర్చిపోడు. తల్లి పొట్టలోంచి బిడ్డ వచ్చేటప్పుడు అలాగే ఉంటుందేమో, నెనెనే అడగాలి. ఇల్లు గాల్లో ఒకసారి ఊగి, నిలదొక్కుకుని, కొండవైపు నడవడం మొదలుపెట్టింది. లోపల పెట్ట గోల పెడుతోంది. కిటికీలో నెనె పెళ్ళికూతురిలా కూర్చుంది.

సొంపె వెనక్కి నడుస్తూ కేకలేస్తున్నాడు. ఎదురుగా వందలాది ముఖాలు. ఎండకి మెరుస్తున్న నుదుళ్ళు, ఉబ్బిన మెడనరాలు. బెద్దు ఎవరో, బెద్దు అన్న కొడుకులెవరో తెలియడం లేదు. మసీదు ఊడ్చే తాత కూడా వెదురుకి చెయ్యి ఆనించి, మోస్తున్నట్టు ముఖం పెట్టాడు. ఆ ముఖాలన్నిటినీ ఒక్కచోట చూస్తుంటే సొంపె కళ్ళు నీళ్ళతో, గొంతు గాలితో నిండిపోయాయి. ‘చిన్న ఊరట! చూడండిరా చిన్న ఊరు!’ అనుకున్నాడు. అనుకుంటూ ఇంకా గట్టిగా కేకేశాడు. వెనకాల ఏముందో మర్చిపోయాడు.

వెనకాల బావి ఉంది. బావి పక్కన చదును నేలుంది. అక్కడ బెస్సె, పొయ్యిలు, గిన్నెలు, అన్నం. అక్కడే ఆగాలి.

"ఇదిగో! ఇక్కడే! ఆగండి!" అని బెస్సె గరిటె ఊపింది. మొగుడి గొంతులో పడి ఆవిడ గొంతు మునిగిపోయింది. సొంపె గిన్నెల మధ్యనుంచి, వెనక్కి చూడకుండా, ఒక్క గిన్నె కూడా తన్నకుండా దాటిపోయాడు. అతని వెనకే ఇల్లు కూడా దాటిపోయింది. ఆడవాళ్ళు గిన్నెలు ఎత్తుకుని చెట్లలోకి పరిగెత్తారు. అన్నం చేతుల్లో ఉండగానే ఇల్లు వెళ్ళిపోవడం లమరంగ్‌లో ఎవరూ వినలేదు.

"ఒరేయ్ సొంపె!" కిటికీలోంచి నెనె. "నా చోటు దాటిపోయింది రా!"

అప్పుడు చూశాడు. బావి కిందెక్కడో ఉంది. "ఆగండి! దించండి!"

ఎవరూ ఆగలేదు. ఆగడానికి లేదు. ఇల్లు మోస్తూ ‘ఇక చాలు’ అన్న మొదటివాణ్ణి ఆ దీవిలో వాడి మనవలు కూడా మర్చిపోనివ్వరు. లమరంగ్‌వాడు ముందు ఆగితే ఉజుంగెవాడి ముందు తల దించుకోవాలి. ఉజుంగెవాడు ముందు ఆగితే లమరంగ్‌లోని అత్తారింట్లో ఇక కాళ్ళు చాపుకోలేడు. అందుకని ఎవరికి వాళ్ళు పక్కవాడు ముందాగాలని చూస్తూ, పళ్ళు బిగించి, ఇంకాస్త వేగంగా నడుస్తున్నారు. దానికి తోడు ఇంటి వెనక మూలనుంచి తహెరె సొంతకేక అందుకున్నాడు.

"ఐలెస్సా! గట్టు దాకా ఐలెస్సా!"

ఎత్తుకి పైఎత్తు అంటే అదే. ఇల్లు ఇంకా పైకెక్కింది. గట్టు మీద రెండూళ్ళ హద్దుగా నిలబెట్టిన నల్లబండ కనబడుతోంది. అది దాటిందా, నెనె ఇక ఉజుంగె మనిషి. ఆవిడే చెప్పింది, ఎక్కడ దింపితే అక్కడుంటానని.

సొంపెకి ఒక్కటే దారి తోచింది. లమరంగ్‌వాళ్ళని పేరుపెట్టి పిలిచి, మోకాళ్ళు వంచమనాలి. వాళ్ళు వంగితే మిగతావాళ్ళ వల్ల ఇల్లు నడవదు. కానీ ఎంతమంది వంగుతారు? ఆ జనంలో తన ఊరివాళ్ళు పిడికెడు. వాళ్ళు మాత్రమే వంగితే ఇల్లు ఒకవైపు ఒరిగిపోతుంది. గుంజలు విరుగుతాయి. కిటికీలో నెనె ఉంది. తన మాట నిలబెట్టుకోవడానికి ముసలిదాని ఎముకలు పందెం కాస్తాడా? గొంతులోకి వచ్చిన కేక అక్కడే ఆగింది. నల్లబండ ఇంకా దగ్గరికొచ్చింది.

"ఏమిటిరా నోరు మూసుకున్నావు?" అంది నెనె పైనుంచి.

"పిలిస్తే వంగేవాళ్ళు తక్కువ నెనె. నువ్వు పడిపోతావు."

"పిలు. నీవాళ్ళెవరో పిలిస్తేగా తెలిసేది!" ఆవిడ పెట్టని చంకలో ఇరికించుకుని, రెండో చేత్తో ఇంటి నడిమి గుంజని కావలించుకుంది.

సొంపె గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఆ కేక గట్టు అవతల ఉజుంగె రేవులో కూడా వినబడిందని తర్వాత చెప్పుకున్నారు. అందులో అబద్ధం కొంతే.

"లమరంగ్ భుజాలు! మోకాళ్ళు వంచండి! బిడ్డని పడుకోబెట్టినట్టు వంచండి!"

ముందు బెద్దు వంగాడు. అతని పక్కన తాత, అప్పటికే సగం వంగి ఉన్నవాడు, పూర్తిగా వంగాడు. అప్పుడు బెద్దు అన్న కొడుకులు వంగారు. ఉజుంగెలో పుట్టి, ఉజుంగెలో పెరిగి, సెలవులకి కూడా లమరంగ్ రానివాళ్ళు. వాళ్ళ వెనక జ్వరం మేనత్త మేనల్లుడు. వాళ్ళమ్మ లమరంగ్ ఆడపడుచు. వాడి పక్కవాడు మంచి వానలో, నెనె గట్టు దాటి వెళ్ళిన రోజున పుట్టాడు. ఆ సంగతి వాడికి వాళ్ళమ్మ ఏటా చెబుతుంది. రప్పె గోనెపట్టా జారిపోయింది, దాన్ని వదిలేసి వంగాడు. ఒక వరస వెనక ఒక వరస, పోటు తీస్తున్నప్పుడు అలలు వెనక్కి వాలినట్టు, మోకాళ్ళు వాలుతూ వెళ్ళాయి. ఎవరు ఎవరి మనిషో అడిగినవాడు లేడు. సొంపె పిలిచింది పిడికెడు మందిని. వంగింది కొండంత.

ఇల్లు ముందువైపు మెత్తగా నేలని తాకింది. మిగిలింది వెనక మూల ఒక్కటే. అక్కడ తహెరె, అతని పక్కన నలుగురైదుగురు. ముందంతా దిగిపోవడంతో వాళ్ళ భుజాలమీది వెదురు పైకి లేచింది. తహెరె రెండు చేతులతో దాన్ని పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడ్డాడు. నెనె వెనకవైపు కిటికీలోంచి తొంగిచూసింది.

"తహెరె! నీ పిల్లలు ముగ్గురూ ఎవరి చేతుల్లో ఏడ్చారు రా?"

"నీ చేతుల్లోనే," అన్నాడు తహెరె, వేలాడుతూనే.

"మరి?"

"దిగుతున్నా, దిగుతున్నా. దిగకపోతే మీ లమరంగ్ పిల్ల నాకు ఇంట్లో అన్నం పెట్టదు," అని మూలుగుతూ వంగాడు. ఇల్లు నాలుగు మూలలా నేలనంటింది. పెట్ట కిటికీలోంచి ఎగిరి ముందుగా కొత్త నేల మీద కాలు పెట్టింది.

నల్లబండ ఇంకా పైన, అరుపు దూరంలో ఉంది. ఇల్లు లమరంగ్ నేల మీదే ఆగింది. ఎవరి నేల మీదో చూసుకున్నాక మాత్రం సొంపె కాస్త చతికిలబడ్డాడు. అది అతని లవంగాల తోట. మూడేళ్ళ మొక్కలు. ఇంటి కింద లవలేశం కూడా మిగల్లేదు.

బెస్సె గిన్నె చంకనేసుకుని, రొప్పుతూ వచ్చి, ఆ దృశ్యం చూసి గిన్నె కింద పెట్టింది. "నా లవంగాలు!"

"ఇదే నేను అనుకున్న చోటు," అన్నాడు సొంపె, గొంతు బొంగురుపోయి. "మీకు చెప్పడం మర్చిపోయా."

"కింద వండించి పైన దింపుతావా? ఇంతమందికి నా గిన్నెలు చాలవు. కళ్ళు మూసుకుని వెనక్కి నడిచే మొగుడు దొరికినందుకు నన్ను నేనే కొట్టుకోవాలి!" అంటూనే ఆవిడ మూడు రాళ్ళు ఏరి, విరిగిన లవంగం కొమ్మలతో పొయ్యి రాజేసింది. ఉజుంగె నుంచి ఆడవాళ్ళు కూడా బియ్యం, చేపలు, ఎండబెట్టిన సగ్గుపిండి రొట్టెలు పట్టుకుని గట్టు దిగి వచ్చారు. మొగుళ్ళంతా ఒక్కసారే అత్తల్ని చూడ్డానికి ఎందుకెళ్ళారో వాళ్ళకి అప్పటికే తెలిసిపోయింది. తోటంతా లవంగం పొగ వాసన కమ్మింది.

తహెరె మాత్రం చొక్కా దులుపుకుంటూ సొంపె పక్కన కూర్చున్నాడు. "బావా, ఇల్లు మీకే ఉండనీ. మా అమ్మాయి ఇక్కడిదాకా నడిచి వచ్చేయగలదు, అది నాకు చాలు. కానీ మాట మాటే. ఉజుంగె వాళ్ళని పిలిచారు. అది ఒప్పుకో."

సొంపె జవాబు చెప్పబోయాడు. చిన్న గుసగుస తప్ప ఏమీ రాలేదు. ఆ ఆఖరి కేకతో గొంతు అక్కడే ఉండిపోయింది. ఇన్నాళ్ళకి ఊరి తరఫున వేరేవాళ్ళు మాట్లాడాల్సి వచ్చింది.

బెద్దు అందుకున్నాడు. చేతిలో చేప తల, చుట్టూ వినడానికి జనం, ఇంకేం కావాలి? "ఉజుంగె వాళ్ళా? ఏరీ? నేను ఒక్కణ్ణి కూడా చూడలేదే! ఇల్లు ఎత్తింది లమరంగ్. ఎక్కించింది లమరంగ్. దించింది లమరంగ్. బావి దగ్గర దించమంటే, ఇంత చిన్న ఇల్లు మోయడానికి అంత దగ్గరేమిటని మేమే పైకి తెచ్చాం. ఏం రప్పె, నువ్వు ఏ ఊరు?"

ఉజుంగెలో పుట్టి, ఉజుంగెలో ఇల్లు కట్టుకుని, ఉజుంగె మసీదుకి మైకులు బిగించిన రప్పె నోట్లో అన్నంతోనే అన్నాడు. "లమరంగ్."

బెద్దు అన్న కొడుకులు తలలూపారు. మేనల్లుడూ ఊపాడు. చుట్టూ ఆకుల ముందు కూర్చున్నవాళ్ళంతా, గట్టు దాటి వచ్చిన ఒక్కొక్కడూ, తింటూనే తల ఊపాడు. తహెరె అందర్నీ చూశాడు, ఏదో అనబోయి మానుకుని, తన ఆకు ముందుకి జరుపుకున్నాడు.

బెద్దు చెప్పినదాంట్లో సగం తప్పు. ఆ సగాన్ని ఎక్కడెక్కడ దిద్దాలో సొంపెకి తెలుసు. అతను నోరు తెరిచాడు. జిగురన్నం ముద్ద పెట్టుకుని, మూసుకున్నాడు.